కట్టకు పోసిన మట్టి

ఆటో గుంతలో పడ్డప్పుడల్లా కాళ్ల కింద పార కదులుతోంది, దాని అంచు మడమకు తగలకుండా యమున కాలు పక్కకు జరుపుకుంటుంది, మళ్లీ మర్చిపోతుంది, మళ్లీ తగులుతుంది. పార తమది కాదు, పక్కింటి వాళ్లనడిగి తెచ్చింది, ఎందుకని వాళ్లు అడగలేదు, కాలనీలో ఈ వారమంతా ఎవరో ఒకరు పాత ఊరికి పోయి ఏదో ఒకటి తవ్వి తెచ్చుకుంటూనే ఉన్నారు, ఒకరు బోరు పైపులు, ఒకరు గడప చెక్క, ఒకరు ఇంటి ముందరి రోలు. రిజర్వాయర్‌లోకి నీళ్లు వదిలారు, ఇక ఊరు కనపడదు, తెచ్చుకునేది ఉంటే ఇప్పుడే తెచ్చుకోవాలి. యమున తెచ్చుకోవలసింది కూతురు పూజను. ఒడిలో సంచి ఉంది, సంచిలో తెల్లటి కొత్త బట్ట, పసుపు, ఒక చిన్న కుండ, పెద్దది కొంటానంటే అత్త బక్కమ్మ వద్దంది, "ఆరేండ్ల పిల్లనాయె, మట్టిల పెట్టి నాలుగేండ్లాయె, ఏముంటది బిడ్డా, దోసిట్లకు వచ్చేటంత ఉంటదేమో" అంది, అని తనే కొంగు నోట్లో కుక్కుకుంది. పొద్దున బయలుదేరేటప్పుడు కూడా ముసలామె మంచం మీది నుంచి లేవలేక లేవలేక లేచి గుమ్మం దాకా వచ్చింది, "జల్దిన తీస్కరాండ్రి, నీళ్లల్ల పిల్లకు సలి పెడతది" అంది, చచ్చిపోయిన పిల్లకు చలేమిటని ఎవరూ అనలేదు, యమునకు కూడా వారం రోజులుగా అదే ఆలోచన, నీళ్లు వదిలారన్న మాట విన్నప్పటి నుంచి రాత్రుళ్లు దుప్పటి కప్పుకోబుద్ధి కావడం లేదు.

ముందు సీట్లో ఆటో నడిపే యాకయ్య పక్కన ఇరుకుగా కూర్చున్నాడు ఉప్పలయ్య. వెనక ఇంత ఖాళీ ఉంది, భార్య పక్కన కూర్చోవచ్చు, కూర్చోలేదు. యాకయ్యది కూడా అదే ఊరు, మునిగిపోయే ఊరు, ఇప్పుడు కాలనీ ఆడవాళ్లను రోజూ ఎనుమాముల తీసుకుపోయి దించుతాడు, అక్కడ కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయలకు తొడిమలు తీసే పని, యమున కూడా ఆ పనికే పోతుంది, చేతులు రాత్రి దాకా మండుతాయి, ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదు, మొదట్లో తెలియక తుడుచుకుని పక్కనున్న వాళ్లు నీళ్లు కొట్టేదాకా గుడ్డిదానిలా కూర్చుంది, తర్వాత నేర్చుకుంది, ఏడుపు వస్తే కళ్లను వాటి మానాన వదిలేయాలి, కారి కారి ఆగిపోతాయి, ఘాటుకు అందరి కళ్లూ కారుతుంటాయి కనుక ఎవరూ అడగరు. యాకయ్య అద్దంలో ఆమెను చూసి "ఫికర్ చెయ్యకు వదినే, మీ చేను దిక్కు నీళ్లింకా రాలేదన్నరు, నిన్న మావోడు చూసొచ్చిండు" అన్నాడు. ఉప్పలయ్య ఏమైనా అంటాడేమోనని చూసింది. అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. వారం నుంచి అంతే. పోదామంటే "చూద్దాం" అన్నాడు, ఎప్పుడంటే "నడుము నొస్తాంది" అన్నాడు, నిన్న రాత్రి ఇక ఆమె నేనొక్కదాన్నే పోతానంటే లేచి బయట కూర్చున్నాడు. మగవాళ్లకు భయమేమో అనుకుంది. తన చేతులతో పెట్టినదాన్ని తన చేతులతో తీయాలంటే ఎవరికైనా భయమే. ఎముకలను చూడాలంటే. తనకు లేదా భయం, ఉంది, కాని దానికన్నా నీళ్లంటే ఎక్కువ భయంగా ఉంది.

ఆ చోటు తను అడిగిందే. వల్లకాట్లో పెడదామని అందరూ అన్నారు, దవాఖాన నుంచి తెచ్చిన పిల్లను వాకిట్లో పడుకోబెట్టి మగవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు, డెంగీ జ్వరాల వాన కాలం, ఆ నెలలో ఊళ్లో వల్లకాటికి దారి గడ్డి మొలవకుండా ఉంది, అప్పుడు యమున లేచి తమ చేనులోనే పెట్టాలంది, గట్టు పక్కన, రోజూ పనికి పోతాను, రోజూ నా కళ్ల ముందు ఉంటుంది అంది. అది నల్ల రేగడి చేను. వానపడితే కాలు పెట్టిన చోట కాలికి అంటుకుని పైకి వస్తుంది, అడుగు మీద అడుగు మందమవుతుంది, పూజ అట్లా అంటుకున్న మట్టితో పొడుగై చేను మధ్య నిలబడి "అమ్మా, నాకు హీల్ చెప్పులు" అని నవ్వేది, ఊడదీయడానికి పుల్ల తెచ్చుకుని గట్టు మీద కూర్చుని గంటలు గంటలు అదే ఆట. ఆ మట్టి మంచిదని అందరూ అనేవాళ్లు, పత్తి నడుము దాకా పెరిగేది, నీళ్లు పోస్తే నీళ్లు పట్టుకుని వదలదు, బిడ్డను కూడా అట్లాగే పట్టుకుంటుందనుకుంది. గట్టు పక్కన చిన్న దిబ్బ, చుట్టూ రాళ్లు, పత్తి ఏరడానికి పోయినప్పుడు ఒక బిస్కెట్ అక్కడ పెట్టి పని మొదలుపెట్టేది, మధ్యాహ్నానికి చీమలు తినేసేవి, తినేస్తే బాగుండేది.

తర్వాత పసుపు రంగు పూసిన సర్వే రాళ్లు పాతారు. తర్వాత మీటింగులు. దూరంగా ఒక సున్నపు గీత గీశారు, అది ఆ కొస నుంచి ఈ కొసకు పోయింది, గీత వెంట కందకం తవ్వారు, కందకం నిండింది, నిండి పైకి లేచింది, మొదట మోకాలెత్తు, తర్వాత మనిషెత్తు, కొన్నాళ్లకు చేనులో నిలబడితే పొద్దు పొడవడం కనిపించలేదు, కట్ట మీది నుంచి ఆలస్యంగా వచ్చేది. ఊళ్లో సగం మందికి ఆ కట్ట మీదే పని దొరికింది, తమ ఊరు ముంచే కట్టకు తామే పోయి పని చేయడమేమిటని ఎవరైనా అంటే, మరి ఏం తినాలె, అనేవాళ్లు, ఉప్పలయ్య కూడా పోయాడు, ట్యాంకర్ పైపు పట్టుకుని పోసిన మట్టి మీద నీళ్లు చల్లే పని, నీళ్లు చల్లితే వెనక నుంచి రోలర్ వచ్చి తొక్కుతుంది, ఒక పొర గట్టిపడ్డాక ఇంకో పొర పోస్తారు, మళ్లీ నీళ్లు, మళ్లీ రోలర్. అప్పటికి వాళ్లు కాలనీకి వచ్చేశారు. చేనుకు పోవద్దని కంచె వేశారు. ఏడాది మీదయింది ఆమె ఆ దిబ్బను చూసి.

కట్ట కొస దగ్గర ఆటో ఆగింది. యాకయ్య ఇక్కడే ఉంటానన్నాడు. రిజర్వాయర్ లోపలి వైపు దిగే బండ్ల బాట ఒకటి మిగిలి ఉంది, ఉప్పలయ్య పార భుజాన వేసుకుని ముందు నడిచాడు, యమున సంచి గుండెలకు పట్టుకుని వెనక. దూరంగా నీళ్లు కనిపిస్తున్నాయి, చప్పుడు లేదు, కదలిక లేదు, ఎవరో పళ్లెంలో పోసి పెట్టినట్టున్నాయి, చూస్తుంటే నిలబడ్డట్టే ఉంటాయి, తల తిప్పి మళ్లీ చూసేసరికి ఒక రాయి తక్కువ కనిపిస్తుంది. చెట్లు కొట్టేశారు. ఇళ్లు కూల్చేశారు. స్కూలు నీళ్ల ట్యాంకు ఉండాలి, దాని నుంచి కుడి చేతికి తిరిగితే బాట వంపు, వంపు తర్వాత యాకయ్య వాళ్ల బావి, బావి దాటితే తమ గట్టు. ట్యాంకు లేదు. వంపు ఉంది, పాదాలకు తెలిసింది. బావి ఒరలు పడి ఉన్నాయి. ఇంకొంచెం. ఆమె నడక పెంచింది, భర్తను దాటి పోయింది, వెనక నుంచి అతను "యమునా" అన్నాడు, ఆగలేదు, "యమునా, జర ఆగు" అన్నాడు, ఎందుకు ఆగాలి, వచ్చేసింది కదా, ఇక్కడే కదా, నేల అయిపోయింది.

గట్టు ఉండాల్సిన చోట నేల నిలువుగా తెగి ఉంది. అవతల గొయ్యి, గొయ్యి అనడానికి లేదు, ఊరంత ఉంది, అంచుల మీద యంత్రం పళ్లు గీరిన గీతలు పై నుంచి కిందికి వరుసగా ఉన్నాయి, నలుపంతా అయిపోయి అడుగున తెల్లటి సుద్ద తేలింది, దాని మీద అడుగు లోతు పసుపు నీళ్లు. తమ చేను మాత్రమే కాదు, అటు పక్క చేను, దాని అవతలిది, మూడు చేలకూ కలిపి ఒకటే గొయ్యి. చోటు తప్పానేమో అనుకుంది. వెనక్కి తిరిగి బావి ఒరలు చూసింది, మళ్లీ గొయ్యి చూసింది. తప్పలేదు. "మట్టెక్కడ పోయింది" అంది, పిచ్చి ప్రశ్న, మట్టి ఎక్కడికి పోయిందో ఎదురుగా నిలబడి ఉంది, కొండలాగా, ఆ కొస నుంచి ఈ కొసకు, పొద్దును కూడా ఆపేంత ఎత్తున. ఉప్పలయ్య పార దించాడు. ఆమెను చూడలేదు. అప్పుడు తెలిసింది ఆమెకు. అతను ఆశ్చర్యపోలేదు.

"నీకు ఎరుకేనా?"

అతను కింద కూర్చున్నాడు. "పోయిన ఎండకాలం" అన్నాడు.

"ఏం జరిగింది?"

"కట్ట నడుమ పొయ్యనీకి నల్ల మట్టే కావాలె. నీళ్లు ఊరకుంట ఆపుతదని. మన దిక్కు నుంచి టిప్పర్లు వస్తున్నయని ఎవరో అన్నరు. పైపు ఆడనే పడేసి ఉరికిన. నేను వచ్చేసరికి గట్టు లేదు. దిబ్బ లేదు. పొక్లెయిన్ డ్రైవర్ కాళ్లు పట్టుకున్న. పాపం ఆయన బండి బంద్ చేసిండు. నా పిల్ల లెక్కనే అన్నడు, జర సేపు ఆపుత, చూస్కో అన్నడు. మిగిలిన మట్టంత చేతులతోని తోడిన. ఏం దొరకలే."

"ఏం దొరకలేదా?"

"ఏం దొరకలే, యమునా."

"తర్వాత?"

అతను అరచేతులు తెరిచి వాటినే చూసుకున్నాడు. "మల్ల పనికి పోయిన. సూపర్‌వైజర్ తిట్టబట్టె. అప్పటికే మన మట్టి కుప్పలు పోసి ఉన్నది. నీళ్లు కొట్టుమన్నరు. కొట్టిన."

పోయిన ఎండాకాలం, ఏ రోజు, ఏ రోజు అది. ఆమె వెతికింది, కళ్లు గొయ్యి మీదే ఉన్నాయి, మనసు ఇంట్లోకి పోయింది, కాలనీ గది, రేకుల వేడి, ఒక సాయంత్రం ఇతను వచ్చి అన్నం వద్దన్నాడు, నడుము నొప్పి అన్నాడు, గోళ్ల సందుల్లో నల్లగా మట్టి ఉంటే చేతులు కడుక్కోమని తను అరిచింది, వేడి నీళ్లు కాచి పోసింది, నూనె రాసింది, అప్పుడు అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు, వీపు వణుకుతుంటే ఎండ దెబ్బ అనుకుంది. చొక్కా. ఆ చొక్కా మర్నాడు పొద్దున్నే తనే పిండింది, ఎంత జాడించినా నలుపు వదల్లేదు, బండకేసి కొట్టింది, నల్లటి నీళ్లు మోరీలో పోయాయి, పోతుంటే చూసింది, ఏమీ అనిపించలేదు, ఏమీ తెలియలేదు, కాలి బొటనవేలితో మట్టిని మోరీలోకి తోసింది కూడా. ఆ కాలు ఇదే. ఆ తర్వాత పెద్దల అమావాస్యకు పూజ పేరు మీద అన్నం పెట్టి చేను దిక్కు తిరిగి దండం పెట్టింది, అప్పుడు ఇతను పక్కనే ఉన్నాడు, చేను లేదని తెలిసి దండం పెట్టాడు. వారం నుంచి కుండ కొనడం చూశాడు, బట్ట కొనడం చూశాడు. తిట్టాలనుకుంది, ఒకటే మాట వచ్చింది.

"ఎందుకు చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్పాలె."

"మరి ఇయ్యాల పార పట్టుకొని ఎందుకొచ్చినవ్?"

"నువ్వు పోదామన్నవ్" అన్నాడు. "నేను ఏమని వద్దనాలె."

ఆమె కట్ట వైపు నడిచింది. నీళ్లు కూడా అటే నడుస్తున్నాయి, తక్కువ నేల వెతుక్కుంటూ, కట్ట పాదం దగ్గర అప్పటికే గుండెల్లోతు మడుగు కట్టాయి, ఆమె బండ్ల బాట వెంట చుట్టూ తిరిగి పైకి ఎక్కింది. లోపలి వాలు మీద నున్నగా రాళ్లు పరిచారు, అవతలి వాలు మీద గడ్డి నాటారు, పైన రోడ్డులా చదును, ఇంత వెడల్పు, ఇంత పొడుగు. రాళ్ల కింద కంకర, కంకర కింద ఎర్ర మట్టి, నడుమలో నలుపు, కనిపించకుండా, పొర మీద పొర, రోలర్ బరువుకు గాలి కూడా లేకుండా. తొక్కి తొక్కి. ఆ రోలర్‌కు చుట్టూ ఇనుప బొడిపెలుంటాయి, పనికి పోయే రోజుల్లో ఉప్పలయ్యే చెప్పాడు, మట్టిలోకి దిగి గట్టి చేస్తాయట. దవాఖానలో సూది గుచ్చితే పూజ ఆమె చెయ్యి గోళ్లతో పట్టుకునేది, "ఒక్కటే కదా, ఇంకా గుచ్చరు కదా" అనేది, గుచ్చరు అని చెప్పేది తను, మళ్లీ వచ్చి గుచ్చేవాళ్లు. యమున రాళ్ల అంచున కూర్చుంది. అరచెయ్యి నేల మీద పెట్టింది. ఎండకు కంకర వేడిగా ఉంది. ఇక్కడా, అక్కడా, ఆ మైలు రాయి దగ్గరా, తూము దగ్గరా. ఒక్క చోటే ఉందా. ఒక్క టిప్పర్‌లోనే వచ్చిందా. ఆ ఆలోచన దగ్గరికి పోయి వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. ఉప్పలయ్య వచ్చి కొంచెం దూరంలో కూర్చున్నాడు.

నీళ్లు చూడడానికి వచ్చినవాళ్లు కట్ట మీద అక్కడక్కడా ఉన్నారు, ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు, కింద మడుగులో నలుగురైదుగురు చేతి వలలు విసురుతున్నారు. ఖాకీ చొక్కా గార్డు ఒకడు అందరినీ పంపించేస్తూ ఇటు వచ్చాడు. "అక్కా, ఈడ కూసోవద్దు. కట్ట మీద పర్మిషన్ లేదు, లేవుండ్రి" అన్నాడు. ఆమె లేవలేదు. మళ్లీ అన్నాడు. నీళ్ల వైపు చూస్తూ, "మా బిడ్డ దీంట్ల ఉన్నది" అంది యమున.

గార్డు ఆమె చూస్తున్న వైపు చూశాడు. ముఖం మారిపోయింది. "ఎప్పుడు పడ్డది?" అని అడిగి జవాబు కోసం ఆగలేదు, విజిల్ నోట్లో పెట్టుకుని ఊదుతూ రాళ్ల మీద నుంచి కిందికి ఉరికాడు, "పిల్ల పడ్డదట నీళ్లల్ల, అరే ఇటు రాండ్రి" అని కేకేశాడు. వలలు పట్టినవాళ్లు వలలు పడేశారు. పైన ఫొటోలు తీసుకుంటున్న ఇద్దరు బూట్లతోనే దిగారు, ఒకతను జేబులో ఫోన్ సంగతి కూడా మరిచి గుండెల దాకా పోయాడు, ఇంకొకతను ముక్కు మూసుకుని మునిగాడు, లేచాడు, మళ్లీ మునిగాడు. గార్డు కింది నుంచి అరిచాడు, "అక్కా, పిల్ల పేరేంది?" ఆమె నోరు దానంతటదే చెప్పింది, "పూజ." "ఎన్నేండ్లు?" "ఆరు." "ఏం బట్టలేసుకున్నది?" "పచ్చ గౌను." అదీ నిజమే, ఆ గౌనుతోనే పెట్టారు. వాళ్లు పిలవడం మొదలుపెట్టారు, పూజా, ఓ పూజా, మగ గొంతులు, ముక్కూ ముఖం తెలియని మనుషులు, నీళ్ల మీద పేరు అవతలి ఒడ్డు దాకా పోయి వస్తోంది. చెప్పాలి, ఆగండని చెప్పాలి, ఆమెకు తెలుసు. నాలుగేళ్ల కింద ఆ వాకిట్లో ఎవరూ ఉరకలేదు, అందరూ కూర్చున్నారు, ఇక ఉరికి చేసేదేమీ లేదన్నారు. ఇప్పుడు ఉరుకుతున్నారు. వాళ్లు వెతుకుతున్నంత సేపూ పూజ తప్పిపోయిన పిల్ల. దొరకబోయే పిల్ల. ఇంకొంచెం అటు, అనుకుంది, అటు కూడా చూడండి, ఆ మూలకు. పక్కన ఉప్పలయ్య లేవబోతే మణికట్టు పట్టుకుంది. "జర ఆగు" అంది. అతను ఆగాడు. ఆగి, తనూ చూశాడు. అతని పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేకుండా అదే పేరు. కింద మునిగినతను ఈసారి చాలాసేపు లేవలేదు, లేచినప్పుడు దగ్గాడు, నోట్లో నుంచి బురద నీళ్లు వచ్చాయి, అయినా మళ్లీ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు యమున చెయ్యి వదిలింది.

ఉప్పలయ్య రాళ్ల మీదుగా దిగిపోయాడు. నీళ్లలోకి పోయి ఒకతని భుజం పట్టుకుని ఏదో చెప్పాడు, ఇంకొకతనికి చెప్పాడు. పిలుపులు ఒకటొకటిగా ఆగిపోయాయి. నీళ్లలో మనుషులు ఎక్కడివాళ్లక్కడ నిలబడి పైకి, ఆమె వైపు చూశారు.

గార్డుకు సగం మాటలే వినపడ్డట్టున్నాయి. నడుము దాకా తడిసి, రొప్పుతూ, కోపంగా పైకి వచ్చాడు, వెనకే ఉప్పలయ్య. "ఏందన్నా ఇది" అన్నాడు గార్డు. "మా పానాలు పోతుండె. నీళ్లల్ల లేకపోతే మరి పిల్ల ఏడున్నది?"

"చేన్ల పెట్టినం" అన్నాడు ఉప్పలయ్య. "చేను మట్టి తీసి కట్టకు పోసిండ్రు."

గార్డు మెల్లగా అడిగాడు. "కట్టల ఏడ?"

ఉప్పలయ్య చెయ్యి ఎత్తాడు. ఆ కొసన మొదలుపెట్టి, తాము నిలబడ్డ చోటు మీదుగా, ఈ కొస దాకా తిప్పి, కిందికి దించేశాడు. గార్డు తన కాళ్ల కింద చూసుకున్నాడు. ఒక పాదం ఎత్తాడు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, కాసేపు అట్లాగే ఉండిపోయాడు.